కథ వ్రాసేవారికి ఏ సాఫ్ట్‌వేరు మంచిది?

మొన్న ఆదివారంనాడు మన సంఘం గ్రంథాలయంలో పాత సంచికల కట్టలు విప్పి దుమ్ము దులుపుతూ ఉండగా, రాబర్ట్‌సన్‌పేటలో మా వీధి అమ్మాయి ఒకతె వచ్చి ఎదురుగా నిలుచున్నది. ఆ పిల్ల ప్రతిదినమూ తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరుకు ఉద్యోగానికి పోయి, దీపాలు పెట్టిన తరువాత తిరిగివస్తుంది. గనులు మూతబడిన తరువాత మన ఊళ్లో ఇలా రైలునే ఇల్లు చేసుకున్నవారు వేలమంది.

"తాతా, నేనొక నవల రాయాలని ఉండాను. దానికి మంచి సాఫ్ట్‌వేర్ ఏది? నువ్వు రాస్తా ఉంటావు గదా, నీకు తెలిసుంటుంది" అన్నది.

మంచి పెన్సిలు ఒకటి, రెండువందల పేజీల నోటుపుస్తకం ఒకటి అన్నాము.

పిల్ల నవ్వింది. నవ్వి, "అది సరే తాతా, రైల్లో నిలబడుకొని ఆ పుస్తకంలో ఎట్ల రాసేది?" అన్నది.

మాకు జవాబు తోచలేదు. బంగారుపేట దాటిన తరువాత ఆ బండిలో చెయ్యి కదిలించడానికైనా చోటుండదని మేమెరుగని సంగతి కాదు. వచ్చే ఆదివారం చెబుతామని పంపివేశాము. ఆ వారమంతా ఆలోచించినకొద్దీ, ఇది ఆ పిల్ల ఒక్కదాని ప్రశ్న కాదనీ, మన పత్రికకు కథలు పంపే అక్కలకు, చెల్లెళ్లకు, పింఛను పుచ్చుకున్న అన్నలకు అందరికీ పనికివచ్చే ప్రశ్న అనీ తోచింది. అందుకని మాకు తెలిసినంత ఇక్కడ మనవి చేస్తున్నాము. మాకు తెలిసినదంతా దెబ్బ తిని తెలుసుకున్నదే గనుక, ముందు ఆ దెబ్బ ముచ్చట చెప్పాలి.

మా నాయన ఛాంపియన్ రీఫ్ గనిలో పనిచేశాడు. మన బంగారు గనుల సంగతి 2018లో వచ్చిన సినిమా చూసి తెలుసుకున్న పిల్లలకు ఒక మాట. జాన్ టేలర్ కంపెనీ 1880లో ఇక్కడ పని మొదలుపెట్టింది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. దేశంలో చాలా పట్టణాలకు దీపం లేని రోజుల్లో మన గనులకు దీపం ఉన్నది. ఛాంపియన్ రీఫ్ షాఫ్టులు భూమిలోకి 3 కిలోమీటర్లకు పైగా దిగాయి. ఆ లోతున రాయి తన బరువుకు తానే పగిలి మనుషుల మీద పడేది. నూట ఇరవై యేళ్లలో సుమారు 800 టన్నుల బంగారం ఇచ్చి, 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతబడ్డాయి.

మా నాయనకు చదువు లేదు, మాట ఉన్నది. షిఫ్టు దిగి ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, సంగటి ముద్ద ముందు కూర్చునేముందు రోజూ ఒకటే మాట అనేవాడు: "మీద ఆకాశం ఉండాది. అది చాలప్పా." ఆ మాటమీదనే మేము ఒక నవల వ్రాయాలనుకున్నాము. మేము బడిలో చదివింది కన్నడం. తెలుగు అక్షరాలు మా అవ్వ నేర్పింది. పిల్లలకు పాఠాలు చెప్పి పింఛను పుచ్చుకునేనాటికి పదహారు ప్రకరణాలు నోటుపుస్తకాలలో పూర్తి అయినవి.

2004లో వాటిని కంప్యూటరులో అచ్చుకు కూర్పించాము. దుకాణం పేరు అనవసరం. ఆ అబ్బాయి తప్పేమీ లేదు. అచ్చుకాగితాలు ఇంటికి తెచ్చి నాయనకు చదివి వినిపించేవారం. ఆయన కళ్లు మూసుకుని విని, నడుమ చెయ్యెత్తేవాడు. "స్కిప్పు కాదప్పా, కేజి అని రాయి. స్కిప్పు రాయికి, కేజి మనిషికి. మనిషిని స్కిప్పులో ఎక్కిస్తే మేస్త్రి ఊరుకుంటాడా?" అనేవాడు. ఇట్లాంటి దిద్దుబాట్లు ప్రతి పుటలోనూ ఉండేవి. అన్నీ దుకాణంలో ఎక్కించి, ఒక సీడీలో వేయించుకుని, బీరువాలో పట్టుబట్టల కింద దాచాము. 2007లో నాయన పోయాడు. అచ్చుకు డబ్బు కుదరలేదు. లైనులోని పాత ఇంటి కప్పు కారి నోటుపుస్తకాలూ, అచ్చుకాగితాలూ ముద్దయిపోయినవి. అయితేనేం, సీడీ ఉన్నది గదా అని ధైర్యంగా ఉన్నాము.

2016లో మా మనుమడి కంప్యూటరులో ఆ సీడీ పెట్టి చూస్తే, తెలుగు అక్షరం ఒక్కటి లేదు. ఇంగ్లీషు అక్షరాలకు కొమ్ములూ, తోకలూ మొలిచినట్లు ఏవో గీతలు, పుట తరువాత పుట, పదహారు ప్రకరణాలు! మాకు కాళ్లు ఆడలేదు.

కారణం తరువాత తెలిసింది. ఆ రోజుల్లో అచ్చుకు వాడిన తెలుగు ఫాంట్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల గదులలో తెలుగు బొమ్మలను కూర్చోబెట్టినవి. కంప్యూటరు దృష్టిలో అది ఇంగ్లీషే. పైన తెలుగు వేషం. ఆ ఫాంటు లేని యంత్రంలో వేషం తీసేస్తే మిగిలేది అర్థంలేని గీతలు. దీనికి మందుగా వచ్చినదే యూనికోడు. ప్రపంచంలోని ప్రతి లిపికీ, ప్రతి అక్షరానికీ ఒక సొంత సంఖ్య ఇవ్వడం దాని పద్ధతి. 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగుకు 128 గదులు కేటాయించారు. 'క' అనే అక్షరానికి దాని సంఖ్య ఉన్నది గనుక ఏ యంత్రంలో తెరిచినా, ఏ ఫాంటు వాడినా అది 'క'గానే ఉంటుంది. మామూలు ఇళ్లలోని కంప్యూటర్లకు అది చేరింది 2001 చివర వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో. గౌతమి అనే తెలుగు ఫాంటు దానితోనే వచ్చింది. గనులు మూతబడిన యేడే ఆ దారి తెరుచుకున్నది. మేము ఆ దారి ఎరగక, మూడేళ్ల తరువాత కూడా పాత దారినే పోయినాము.

పాత ఫాంటు వ్రాతను యూనికోడులోకి మార్చే సాధనాలు ఉన్నాయి. మా మనుమడు అటువంటిదానితో మార్చి పెట్టాడు. నూటికి తొంభై పాళ్లు బ్రతికింది. ఒత్తులు, కొన్ని గుణింతాలు చెదిరిపోయినవి. చెదిరినచోట మామూలు మాటైతే ఊహించి దిద్దుకున్నాము. గని మాటైతే? ఎవరిని అడగాలి? నాయన ఉంటే చెయ్యెత్తి చెప్పేవాడు. ఇట్లా నలభైచోట్ల మేము ఊహించి వ్రాసినది ఇప్పటికీ ఊహే. ఆ దెబ్బ అదీ.

ఇక అమ్మాయి ప్రశ్నకు వస్తాము. నవల వ్రాయడానికని ప్రత్యేకంగా చేసిన సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. స్క్రివెనర్ అని ఒకటి. నవల వ్రాయాలనుకుని తనకు నచ్చిన సాధనం దొరకక కీత్ బ్లౌంట్ అనే ఇంగ్లండు ఆయన తానే తయారుచేసి, 2007లో బయటపెట్టాడు. ప్రకరణాలు, ఘట్టాలు ఒక పక్క జాబితాగా ఉంటాయి; ఒక్కొక్క ఘట్టానికి ఒక చీటీ, ఆ చీటీలను గోడమీద అతికించినట్లు అటూ ఇటూ మార్చుకోవచ్చు; చివర అంతా కలిపి ఒక ప్రతిగా తీసుకోవచ్చు. దీనిని డబ్బిచ్చి ఒకసారి కొనుక్కోవాలి. కొనేముందు 30 దినాలు ఊరికే వాడి చూడవచ్చు. ఆ 30 దినాలు వాడిన దినాలే, క్యాలెండరు దినాలు కావు. పొదుపరులకు ఇది మంచి కబురు. వైరైటర్ అని ఇంకొకటి. సైమన్ హేన్స్ అనే ఆస్ట్రేలియా నవలాకారుడు తన కోసం చేసుకుని అందరికీ ఉచితంగా ఇచ్చాడు. ఫోకస్‌రైటర్ అనేది తెరమీద కాగితం తప్ప మరేమీ కనబడకుండా చేస్తుంది. ఇంట్లో పిల్లల అల్లరిని మాత్రం ఆపలేదు!

ప్రత్యేకమైనవి వద్దనుకుంటే, ఆఫీసులలో అందరూ వాడే వర్డ్ ఉన్నది. దానివంటిదే లిబ్రెఆఫీస్ రైటర్, పూర్తిగా ఉచితం; మెనూలు కూడా తెలుగులో పెట్టుకోవచ్చు. వీటిలో ఒక కిటుకు చాలామందికి తెలియదు. ప్రకరణం పేరును పెద్ద అక్షరాలతో ఊరికే వ్రాయకుండా, శీర్షిక అనే శైలి ఇచ్చి వ్రాస్తే, పక్కన విషయసూచిక లాగా జాబితా వస్తుంది. ఆ జాబితాలో ఏడవ ప్రకరణాన్ని పట్టి లాగి మూడవదాని ముందు పెడితే, లోపలి వ్రాత అంతా దానితో కదిలిపోతుంది. ప్రత్యేక సాఫ్ట్‌వేర్లు కొనేది ముఖ్యంగా ఈ సౌకర్యానికే. మన ఇంట్లోనే అది ఉన్నది.

గూగుల్ డాక్స్‌లో వ్రాస్తే ఫోనులో వ్రాసిన వాక్యం ఇంటి కంప్యూటరులో కనబడుతుంది, పాత రూపాలు కూడా దాచి ఉంటాయి. నెట్టు లేనిచోట కూడా వ్రాసుకునే ఏర్పాటు ఉన్నది గాని, దానిని ముందే పెట్టుకోవాలి. రైలువారికి ఇది అనుకూలం.

ఇన్ని చెప్పినా, సాఫ్ట్‌వేరు మంచిదైతే నవల మంచిదవుతుందా అంటే, అదేమీ లేదు. వర్డ్ ప్రాసెసరుమీద తయారైన మొదటి నవల అని చెప్పుకునేది లెన్ డైటన్ 1970లో ప్రచురించిన 'బాంబర్'. ఆ యంత్రం ఎంత పెద్దదంటే, లండనులో ఆయన ఇంటి కిటికీ తీసివేసి లోపలికి ఎక్కించవలసి వచ్చింది. ఇక ఈనాడు జగత్ప్రసిద్ధుడైన జార్జి మార్టిన్, వర్డ్‌స్టార్ 4.0 అనే డాస్ కాలపు సాఫ్ట్‌వేరులోనే తన లావుపాటి నవలలు వ్రాస్తానని 2014లో చెప్పాడు. కారణం అడిగితే, తాను కొట్టిన అక్షరాన్ని అది మార్చదు, తనకు సాయం చేయాలని చూడదు అన్నాడు. అది చదివినప్పుడు కోటీశ్వరుల చాదస్తం కాబోలు అనుకున్నాము. ఆ చాదస్తం ఎంత నిజమో తరువాత మాకే తెలిసివచ్చింది.

చెదిరిన ప్రకరణాలను తిరిగి కొట్టేటప్పుడు కొంత భాగం ఫోనులో కొట్టాము. సాయంత్రంపూట వాకిట్లో కూర్చుని కొట్టుకోవడానికి సుఖంగా ఉండేది. సగం మాట కొట్టగానే మిగతా సగం అదే అందించేది. ఎంత తెలివైనది అని మురిసిపోయాము. పూర్తయిన తరువాత మా ఇంటావిడ చదువుతూ చదువుతూ ఒకచోట ఆగింది.

"మామ ఇట్లా అనలేదే!" అన్నది.

చూస్తే ఏమున్నది? "మీద ఆకాశం ఉండాలి. అది చాలప్పా."

'ఉండాది' అని మేము కొట్టినది, ఫోను 'ఉండాలి' అని దిద్దినది. దాని నిఘంటువులో మన కోలారు మాట లేదు. దగ్గరగా ఉన్న పుస్తకాల మాట వేసింది. తప్పుగా ఉంటే కంటికి కనబడేది. ఒప్పుగా ఉండటమే చిక్కు. రోజూ పాతాళంనుంచి ఎక్కివచ్చి, తలెత్తి చూసి, ఉన్నదని తృప్తిపడిన మనిషి మాట అది. దానిని ఎవరినో ఉండాలని కోరుకునే మాటగా చేసింది యంత్రం. ఆయన కోడలికి ఆ గొంతు జ్ఞాపకం ఉన్నది గనుక పట్టుకున్నది. ఇంకో ఇరవై యేళ్లకు పట్టుకునేవారెవరు?

ఆ రాత్రి కూర్చుని మొత్తం ప్రతి వెదికాము. 'యాడికి' కొన్నిచోట్ల 'ఏడికి' అయింది. 'పోతావుండాడు' విరిగి ముక్కలైంది. ఫోనులో దిద్దే ఏర్పాటునూ, సూచనలనూ ఆనాడే ఆపివేశాము. అది అన్ని ఫోన్లలోనూ సెట్టింగులలో ఆపుకోవచ్చు. కంప్యూటరులో మన మాటల కింద ఎర్రగీతలు గీసే పని కూడా అట్లాగే ఆపాము. తెలుగులో ఒక ధాతువు మీద ఎన్ని ప్రత్యయాలు చేరితే అన్ని రూపాలు. అవన్నీ ఏ జాబితాలో ఎక్కించగలరు? పైగా మనది కన్నడం, తమిళం, గని ఇంగ్లీషు అన్నీ కలిసిన తెలుగు. కోలారులో పుట్టిన కథకు సగం పుట ఎర్రబడుతుంది. ఎర్రగీత చూసి కొత్త రచయిత భయపడి, ఇంటి మాట తీసేసి పుస్తకాల మాట పెడతాడు. అట్లా భయపడి తీసేసిన మాటలను లెక్కపెట్టేవారు లేరు.

లెక్క అంటే మరొకటి జ్ఞాపకం వచ్చింది. ఈ సాఫ్ట్‌వేర్లు రోజుకు ఇన్ని మాటలు వ్రాయాలని గురి పెట్టుకోమంటాయి. ఇంగ్లీషువారు వెయ్యి మాటలంటారు. వారు ఐదారు మాటలలో చెప్పినది మనం 'వెళ్లిపోవాలనుకున్నాడు' అని ఒక్క మాటలో చెబుతాము. యంత్రం రెండు మాటల నడుమ ఖాళీని చూసి లెక్కపెడుతుంది. కనుక వారి వెయ్యి మనకు వెయ్యి కాదు. గురి తప్పామని ఎవరూ దిగులుపడవద్దు, గురే తప్పు.

అన్నట్లుగానే ఆదివారం అమ్మాయి వచ్చింది. మేము ఏ ఒక్క పేరూ చెప్పలేదు. ఏ సాఫ్ట్‌వేరైనా పుచ్చుకో, నవల మొదలుపెట్టకముందు నాలుగు పరీక్షలు పెట్టు అన్నాము.

మొదటిది, ఇంట్లో మాట్లాడే మాటలతో పది వాక్యాలు కొట్టి, మరొకరి యంత్రంలోనూ ఒక ఫోనులోనూ తెరిచి చూడాలి. అక్షరం అక్షరంగా కనబడితే అది యూనికోడు. రెండవది, ఆ పది వాక్యాలలో ఒక్క మాటనైనా అడగకుండా మార్చిందా, మారిస్తే ఆ చేష్టను ఆపవచ్చునా చూడాలి. మూడవది, వ్రాసినది అందరూ తెరవగల మామూలు ఫైలుగా బయటికి తీసుకోవచ్చునా చూడాలి. లోపలికి పోనిచ్చి బయటికి రానివ్వని గదిలో బంగారం పెట్టరాదు. నాలుగవది, ఘట్టాలను సులువుగా జరుపుకోవచ్చునా చూడాలి. ఇది చివరిది, దీనికోసం మొదటి మూడింటినీ వదులుకోకూడదు.

ఇవి నెగ్గినదానిలో వ్రాసి, ప్రతి వారమూ మూడుచోట్ల నకలు పెట్టాలి: ఇంటి కంప్యూటరులో ఒకటి, పెన్‌డ్రైవులో ఒకటి, ఈమెయిలులో గాని మరొక ఊరి బంధువు దగ్గర గాని ఒకటి. ప్రకరణం ముగిసినప్పుడల్లా కాగితంమీద ఒక ప్రతి తీసుకోవడం మా ముసలి చాదస్తం. ప్రెస్సువారు కొందరు ఇప్పటికీ పాత ఫాంట్లలో అడుగుతారు. అడిగితే వారికి మార్చి ఇవ్వవచ్చు గాని, మన మూలప్రతి యూనికోడులోనే ఉండాలి.

అంతా విని, "నాకు తెలుగు మాట్లాడేదొస్తుంది గాని అక్షరాలు అంత బాగా రావు తాతా. కన్నడంలోనే కొట్టేది అలవాటు" అన్నది కొంచెం సిగ్గుపడి.

ఈ సిగ్గు మన జిల్లాలో సగంమంది తెలుగువారిది. సిగ్గుపడవలసినది ఏమీ లేదు. 2007లో చిక్కబళ్లాపురం జిల్లా వేరుపడేవరకు మన కోలారు జిల్లాలోనే ఉన్న కైవారంలో, నారాయణప్ప తాతయ్య రెండు భాషలలోనూ పాడాడు. కన్నడ అక్షరాలలో తెలుగు వ్రాస్తే, దానిని తెలుగు లిపిలోకి మార్చే అక్షరముఖ వంటి సాధనాలు ఉన్నాయి. ఇన్‌స్క్రిప్టు అనే ప్రభుత్వ కీబోర్డు పద్ధతిలో కన్నడ 'క' ఉన్న మీటమీదనే తెలుగు 'క' ఉంటుంది; ఒకటి వస్తే రెండవది వచ్చినట్టే. అదీ వద్దంటే ఇంగ్లీషు అక్షరాలలో కొట్టి తెలుగులో తీసుకోవచ్చు. లేఖిని వంటివి చాలాకాలంగా ఆ పని చేస్తున్నాయి. దారి ఏదైనా చేరవలసిన చోటు ఒకటే.

ఆ పిల్ల అక్కడే నిలబడి, ఫోను తీసి, సెట్టింగులలోకి పోయి దిద్దుబాటును ఆపింది. ఆపి, మా ఎదుటనే ఒక వాక్యం కొట్టి చూపింది. వాళ్ల తాత గురించి. ఆయనా మా నాయనతోనే దిగేవాడు. మాట మాట మన ఇంటి మాటే. ఒక్కచోట మాత్రం మేము చెయ్యెత్తవలసి వచ్చింది.

"స్కిప్పు కాదమ్మా, కేజి" అన్నాము. "స్కిప్పు రాయికి, కేజి మనిషికి."